అను, కోరెల్, కాన్వా కలిసిన జాబ్: ప్లేటులో వత్తులు మాయం, నల్ల మేటరు నాలుగు ప్లేట్లలో

సావనీరు డెస్క్ | సోమవారం, ఉదయం 10:20

జాబ్ వివరం ముందు చెప్తాను. డెమ్మీ 1/4 (8.5×11 అంగుళాల పేజీ) సావనీరు, 96 పేజీలు, కవరు వేరు. 41 నుంచి 56 దాకా 16 పేజీలు ఆర్ట్ పేపరు మీద మల్టీకలర్. మిగతా 80 పేజీలు 80 జీఎస్ఎం మాప్లిథో (పూత లేని తెల్ల కాగితం) మీద సింగిల్ కలర్. పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్నుకి జిగురు. మిషన్ 23×36 అంగుళాల షీటు తీసుకుంటుంది, అంటే 16 పేజీల ఫారం (ఒక షీటు రెండు వైపులా అచ్చేసి మడిస్తే వచ్చే కట్ట).

వ్యాసాలు పేజీమేకర్ 7లో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కట్టినవి. 41–48 మాత్రం బయటి డీటీపీ సెంటర్ కట్టి పీడీఎఫ్ ఇచ్చింది. ప్రకటనలు కోరెల్‌డ్రావి. దాతల పేజీలు కాన్వాలో చేసి పంపారు. అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి ఆర్ట్ ఫారం ప్లేట్లు తీయిస్తే వచ్చినవి ఇవీ:

41–48లో కొన్ని వత్తులు లేవు. "రాష్ట్రం" కాస్తా "రాషం" అయింది. స్క్రీన్ మీద మాత్రం శుభ్రంగా ఉంది. కాన్వా పేజీల్లో నల్ల మేటరు (అక్షరాలు) ఒక్క బ్లాక్ ప్లేటులో కాక సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ నాలుగు ప్లేట్లలోనూ పడింది. ఒక ప్రకటనలో ఎర్ర పట్టీ మీద తెల్ల ఫోన్ నంబరు ప్లేటులో లేనేలేదు. ఇంకో పేజీలో ఒకే పేరా పై సగం మామూలుగా, కింది సగం బోల్డ్‌లా కనిపిస్తోంది.

ఎనిమిది ప్లేట్లు పోయాయి. మళ్లీ తీయించే ముందు ఏది ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి.


రిప్ రూం | సోమవారం, 10:52

నాలుగు తప్పులకూ నాలుగు వేర్వేరు కారణాలండీ. ఒకే మందుతో పోవు. నల్ల మేటరు సంగతి తేలిక, దానితో మొదలుపెడదాం.

కాన్వా పీడీఎఫ్ మామూలుగా ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల్లో) వస్తుంది. సీఎంవైకే (అచ్చు సిరాల) ప్రొఫైల్ ఎంచుకునే వీలు డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఉంది. ఆర్‌జీబీ నలుపును ప్రొఫైల్‌తో మారిస్తే అది ఒట్టి బ్లాక్ కాదు. ఫొటోషాప్ పాత అమెరికన్ సెట్టింగులో అయితే సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 దగ్గర తేలుతుంది. మొత్తం 300 శాతం సిరా, పది పాయింట్ల అక్షరం మీద! షీటు పదో వంతు మిల్లీమీటరు జరిగినా ఘ, ఝ, ణ లాంటి అక్షరాల గుండ్రాలు మూసుకుపోతాయి, అంచుల్లో రంగు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరం కొంత ఓర్చుకుంటుంది, తెలుగు ఓర్చుకోదు.

అక్రోబాట్ ప్రోలో ప్రింట్ ప్రొడక్షన్ పనిముట్లు తెరిచి కన్వర్ట్ కలర్స్‌లోకి వెళ్లండి. ప్రొఫైల్ మీ ఆర్ట్ పేపరుకు తగ్గది, ఫోగ్రా 39 అనుకోండి. "ప్రిజర్వ్ బ్లాక్" టిక్ తప్పనిసరి. ఆర్‌జీబీ నలుపు నాలుగు రంగులుగా విడిపోకుండా ఆపేది అదే. తర్వాత అవుట్‌పుట్ ప్రివ్యూలో బ్లాక్ ప్లేటు టిక్ తీసేయండి. మేటరు మొత్తం మాయమైతే పని అయినట్టే. ఇంకా నీడలా అక్షరాలు మిగిలాయంటే అవి అసలు నలుపు కావు, ముదురు బూడిద. డిజైన్ చేసేవాళ్లు కంటికి హాయిగా ఉంటుందని ఆ రంగు పెడతారు, ప్రిజర్వ్ బ్లాక్ దాన్ని పట్టించుకోదు. వాటిని ఒక్కొక్కటిగా పిట్‌స్టాప్‌లోనో (అక్రోబాట్‌లో పీడీఎఫ్ దిద్దే ప్లగిన్), ఇలస్ట్రేటర్‌లో తెరిచో బ్లాక్ 100కి మార్చాల్సిందే.


కర్వ్స్ చాలు | సోమవారం, 11:05

వత్తుల గొడవకి ఇంత ఆలోచన ఎందుకన్నా? మొత్తం మేటరు కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మల్లోకి) మార్చి పంపితే ఫాంటు సమస్యే ఉండదు.


నల్ల ప్లేటు | సోమవారం, 11:31

ప్రకటనకైతే సరే. వ్యాసాలకి వద్దన్నా. ఆఖరి నిమిషంలో దాత పేరులో ఒక్క దీర్ఘం దిద్దాలన్నా కుదరదు. ఫైలు బరువెక్కుతుంది, రిప్ (పేజీని ప్లేటుకి కావాల్సిన చుక్కలుగా మార్చేది) నిదానిస్తుంది.

అదీకాక కోరెల్‌లో అను అక్షరాలను కర్వ్స్ చేసేటప్పుడు ఒక గొయ్యి ఉంది. అను ఫాంటులో ఒక అక్షరం రెండు మూడు ముక్కల అతుకు. ఒత్తు ముక్క, అసలు అక్షరం మీదికి కొంచెం ఎక్కి కూర్చుంటుంది. కర్వ్స్ చేశాక కంట్రోల్ ఎల్ కొట్టి కంబైన్ చేస్తే ఆ ఎక్కిన చోట రంధ్రం పడుతుంది. చిన్న అక్షరంలో కనపడదు, ఫ్లెక్సీ సైజులో తెల్లగా పళ్లికిలిస్తుంది. కంబైన్ కాదు, వెల్డ్ చేయాలి. కంట్రోల్ కెతో విడగొడదామనుకుంటే ఇంకో తంటా. అక్షరం లోపలి గుండ్రాలు కూడా విడిపోయి నిండుకుంటాయి, "ద" ముద్దలా మిగులుతుంది.

అక్షరం చుట్టూ అవుట్‌లైన్ పెట్టే అలవాటున్నవాళ్లకి కూడా ఇదే మాట. వెల్డ్ చేయకుండా అవుట్‌లైన్ ఇస్తే అతుకుల గీతలు అక్షరం మధ్యలో కనిపిస్తాయి. అవుట్‌లైన్ పెన్ డబ్బాలో "స్కేల్ విత్ ఆబ్జెక్ట్", "బిహైండ్ ఫిల్" రెండూ టిక్ చేయండి. మొదటి టిక్ లేకుండా పోస్టరుకి చేసిన డిజైన్‌ని పావు సైజుకి కుదిస్తే అక్షరం చిన్నదవుతుంది గానీ 1 మి.మీ. అవుట్‌లైన్ 1 మి.మీ.గానే ఉండిపోతుంది. అప్పుడు అక్షరాన్ని అవుట్‌లైనే మింగేస్తుంది.


పేజీమేకర్ 7 ఇంకా | సోమవారం, 12:10

వత్తులు స్క్రీన్ మీద ఉండి ప్లేటులో లేవంటే ఫాంటు పీడీఎఫ్‌లోకి ఎక్కలేదన్నమాట. మీ సిస్టంలో అను ఉంది కాబట్టి మీకు కనిపిస్తుంది. సీటీపీ సెంటర్‌లో (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్లు తీసే చోట) అదే పేరుతో పాత వెర్షన్ ఉందనుకోండి, రిప్ దాన్ని వాడుకుంటుంది. ఆ వెర్షన్‌లో ఆ వత్తు ఉండాల్సిన గది ఖాళీ అయితే వత్తు రాదు. అసలు ఫాంటే లేకపోతే పేజీ మొత్తం కొరియర్ అక్షరాలతో గజిబిజిగా వచ్చేది, ఎవరైనా వెంటనే పట్టుకునేవారు. సగం సగం సరిపోయే పాత వెర్షనే ప్రమాదం.

తేల్చుకోవడానికి అక్రోబాట్ ప్రిఫరెన్సెస్, పేజ్ డిస్‌ప్లేలో "యూజ్ లోకల్ ఫాంట్స్" టిక్ తీసి 41వ పేజీ చూడండి. ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ జాబితా కూడా చూడండి. ప్రతి పేరు పక్కన "ఎంబెడెడ్ సబ్‌సెట్" అని ఉండాలి. ఒట్టి పేరే ఉంటే ఆ ఫాంటు లోపల లేదు.

పేజీమేకర్ నుంచి పీడీఎఫ్ తీసే దారి ఇది. నేరుగా ఎక్స్‌పోర్ట్ వద్దు. అక్రోబాట్ డిస్టిల్లర్ పీపీడీ (ప్రింటరు వివరాల ఫైలు) పెట్టుకుని పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు రాయించండి, ఫాంట్లు అందులోకే వెళ్లేలా ఎంచుకోండి. అడోబీ పీడీఎఫ్ ప్రింటరు ద్వారా అయితే దాని ప్రిఫరెన్సెస్‌లో "రిలై ఆన్ సిస్టం ఫాంట్స్ ఓన్లీ" అనే టిక్ మామూలుగా పడే ఉంటుంది, తీసేయండి. ఆ ఫైలును పీడీఎఫ్‌గా మార్చే డిస్టిల్లర్‌లో ఫాంట్స్ పేజీకి వెళ్లి అన్ని ఫాంట్లూ ఎంబెడ్, సబ్‌సెట్ 100 శాతం, "నెవర్ ఎంబెడ్" జాబితా ఖాళీ. ఎంబెడ్ కాకపోతే ఏం చేయాలన్న చోట "క్యాన్సిల్ జాబ్" పెట్టండి. హెచ్చరించి వదిలేసే సెట్టింగు పెడితే ఆ హెచ్చరిక ఎవరూ చదవరు.

సబ్‌సెట్ (వాడిన అక్షరాలు మాత్రమే ఎక్కించడం) 100 ఎందుకంటే, అలా చేసినప్పుడు ఫాంటు పేరు ముందు ఆరు అక్షరాల గుర్తు చేరుతుంది. రెండు సెంటర్ల నుంచి వచ్చిన ఒకే పేరు ఫాంట్లు ఒక ఫైలులో కలిసినా తన్నుకోవు.


నల్ల ప్లేటు | సోమవారం, 12:26

పేజీమేకర్ వాళ్లకి ఇంకో రెండు. ప్రిఫరెన్సెస్‌లో టైపోగ్రాఫర్స్ కోట్స్ తీసేయండి. అనులో కొటేషన్ గదిలోనూ అక్షరముక్కలు ఉండొచ్చు, అది వంకర కోట్‌గా మారితే అక్షరం మారిపోతుంది. హైఫనేషన్ ఆపి డిక్షనరీ "నన్" చేయండి. అది ఇంగ్లీషు అనుకుని అక్షరానికీ దాని ఒత్తుకీ మధ్య లైను విరుస్తుంది.

ఆర్‌జీబీ టిఫ్ ఫొటోని పేజీమేకర్‌లో పెట్టి సెపరేషన్ తీస్తే అది బ్లాక్ ప్లేటులోకి మాత్రమే వెళ్తుంది. కలర్ ఫొటో నలుపు తెలుపులో వచ్చిందంటే కారణం ఇదే. ముందే సీఎంవైకే చేసి పెట్టాలి.


సావనీరు డెస్క్ | సోమవారం, మధ్యాహ్నం 2:40

మీరు చెప్పినట్టే చూశాను. 41–48 పీడీఎఫ్‌లో నాలుగు అను ఫాంట్లలో రెండింటి పక్కన ఎంబెడెడ్ అని లేదు. లోకల్ ఫాంట్స్ టిక్ తీస్తే "రాష్ట్రం" నా దగ్గర కూడా విరిగింది. బయటి డీటీపీ వాళ్లు పేజీమేకర్ ఫైలు ఇవ్వడం లేదు, పీడీఎఫ్ మాత్రమే. ఏం చేయొచ్చు?


రిప్ రూం | సోమవారం, 3:02

వాళ్ల సిస్టంలోనే అక్రోబాట్ ప్రీఫ్లైట్ (అచ్చుకి ముందు తనిఖీ) తెరిపించి "ఎంబెడ్ మిస్సింగ్ ఫాంట్స్" ఫిక్స్‌అప్ నడపమనండి. రెండు నిమిషాల పని. మీ సిస్టంలో మాత్రం చేయొద్దు. మీ దగ్గరున్న వెర్షన్ వేరైతే తప్పును శాశ్వతంగా లోపల పెట్టినట్టవుతుంది. చేయించాక లోకల్ ఫాంట్స్ తీసిన అక్రోబాట్‌లోనే ప్రతి పేజీ చూడండి.

ఇకపై బయటి వాళ్లనుంచి పీడీఎఫ్ ఎక్స్-1ఎ (అచ్చు కోసం పెట్టిన పీడీఎఫ్ రకం) అడగండి. 2001 నాటి ప్రమాణమైనా ఇలాంటి జాబ్‌కి అదే కంచె. ఫాంటు ఎంబెడ్ కాకపోతే ఆ పీడీఎఫ్ తయారే కాదు. ఆర్‌జీబీ ఉండదు, ట్రాన్స్‌పరెన్సీ ఉండదు.


యూనికోడ్ వైపు | సోమవారం, 3:15

ఎక్స్-1ఎ అంటే ట్రాన్స్‌పరెన్సీని (నీడల్లాంటి పారదర్శక పొరల్ని) డిజైన్ వాళ్ల సిస్టంలోనే ఫ్లాటెన్ చేయించడం, అంటే ఒకే పొరగా కలిపేయడం. మీ నాలుగో సమస్య, సగం పేరా బోల్డ్, అక్కడినుంచే పుడుతుంది. కొత్త రిప్‌లు ట్రాన్స్‌పరెన్సీని నేరుగా తీసుకుంటాయి కాబట్టి ట్రాన్స్‌పరెన్సీని అలాగే ఉంచే ఎక్స్-4 పంపడం నయం.


రిప్ రూం | సోమవారం, 3:24

రిప్ కొత్తదైతే ఒప్పుకుంటాను. పాత పోస్ట్‌స్క్రిప్ట్ రిప్‌కి ఎక్స్-4 పంపితే ఫ్లాటెన్ చేసేది అదే, ఎలా చేస్తుందో మీరు చూడలేరు. సీటీపీ సెంటర్‌ని అడిగి పంపండి. ఏదైనా ఒకటే పంపండి, సగం పేజీలు ఇది సగం అది వద్దు.


గ్రిప్పర్ 12 | సోమవారం, 4:10

తెల్ల ఫోన్ నంబరు గురించి ఎవరూ చెప్పలేదు.

అది ఓవర్‌ప్రింట్ (కింది రంగును కోయకుండా దానిమీదే అచ్చేయడం) తెలుపు. మొదట ఆ నంబరు నల్లగా ఉండి ఉంటుంది, నలుపుకి ఓవర్‌ప్రింట్ ఫిల్ పెట్టి ఉంటారు. తర్వాత ఎర్ర పట్టీ వేసి రంగు మాత్రం తెలుపుకి మార్చారు, ఓవర్‌ప్రింట్ అలాగే ఉండిపోయింది. తెలుపు అంటే సిరా లేకపోవడం. దాన్ని ఎరుపు మీద ఓవర్‌ప్రింట్ చేస్తే ఎరుపే మిగులుతుంది. కోరెల్‌లో ఆ నంబరు మీద రైట్ క్లిక్ చేసి "ఓవర్‌ప్రింట్ ఫిల్" టిక్ తీయండి. అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి "సిమ్యులేట్ ఓవర్‌ప్రింటింగ్" పెడితే ఇలాంటివి స్క్రీన్ మీదే మాయమై దొరికిపోతాయి. ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో పీడీఎఫ్ చూసి ఓకే అనేవాళ్లకి ఇది ఎప్పటికీ కనిపించకపోవచ్చు.

దీని తమ్ముడు ఇంకొకడున్నాడు. కొన్ని రిప్‌లలో "100 శాతం బ్లాక్ ఎప్పుడూ ఓవర్‌ప్రింట్" అని పెట్టి ఉంచుతారు. అక్షరాలకి అది మంచిదే, కింద తెల్ల అంచు రాదు. కానీ ఫొటో మీద సగం ఎక్కిన పెద్ద నల్ల పట్టీ ఉంటే దానిలోంచి ఫొటో నీడలా తొంగిచూస్తుంది, ఫొటో అయిపోయిన చోట గీత పడుతుంది. పెద్ద పట్టీకి సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 ఇవ్వండి. మొత్తం 240, ఆరుతుంది కూడా. అంతేగానీ "రిజిస్ట్రేషన్" స్వాచ్‌ని నలుపు అనుకుని వాడొద్దు, అది 400 శాతం. పక్క షీటు వెనక అచ్చు దిగుతుంది.

ఆ రిచ్ బ్లాక్ పట్టీ మీద తెల్ల రివర్స్ అక్షరాలు ఉంటే 10 పాయింట్ల కన్నా తక్కువ, సన్న ఫాంటు వద్దు. నాలుగు రంగులూ అక్షరం అంచులోకి చొరబడతాయి. గుడి, కొమ్ము ఆనవాలు లేకుండా పోతాయి.


యూనికోడ్ వైపు | సోమవారం, 5:30

ఈ అను వెర్షన్ల పంచాయితీకి అసలు మందు యూనికోడ్, అంటే ఏ ఫాంటులోనైనా ఒక అక్షరానికి ఒకే కోడ్. పేజీమేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది, యూనికోడ్ తెలియదు. దాని తర్వాతి అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి సీఎస్6 నుంచి తెలుగు తెలుసు. 2023 జనవరి నుంచి అడోబీ కొత్త వెర్షన్లలో పాత టైప్ 1 ఫాంట్లు మెనూలో కనిపించడమే మానేశాయి. ఆ దారి మూసుకుపోతోంది.

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోంచి "అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్" ఎంచుకుని, క్యారెక్టర్ ప్యానెల్‌లో భాష తెలుగు పెట్టండి. ఇది మరిచిపోతే వత్తులు కట్టవు, ప్రతి చోటా పొల్లు విడిగా నిలబడుతుంది. పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేస్తే మరిచిపోయే ప్రశ్నే లేదు. లీడింగ్ (లైన్ల మధ్య దూరం) ఆటోకి వదలొద్దు. అది 120 శాతం, ఇంగ్లీషుకి సరిపోతుంది. మనకి పై లైనులో వత్తు కిందికి దిగి ఈ లైను గుడిని గుద్దుతుంది. 11 పాయింట్ల మేటరుకి 16 ఇవ్వండి. రెండు వత్తులున్న మాటలు ఎక్కువైతే 17.

ఫాంట్లకి కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోతన, వేమన ఎప్పటినుంచో ఉన్నాయి.


పేజీమేకర్ 7 ఇంకా | సోమవారం, 6:05

ఫాంట్లున్నాయి సరే, మేటరు మార్చేదెవరు? అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు అక్షరం కనిపించే వరసను పలికే వరసలోకి తిప్పాలి. అనులో ముందు గుడితో ఉన్న అక్షరం, తర్వాత వత్తులు. యూనికోడ్‌లో ముందు హల్లులన్నీ, చివర గుడి. రెండు వత్తులు పడిన చోట తడబడతాయి. నమ్మే ముందు ఈ మాటలు వేసి పరీక్షించండి: స్త్రీ, రాష్ట్రీయ, సంస్కృతి, క్షేత్రం, వాఙ్మయం, ఋణం. ఇవన్నీ గట్టెక్కితేనే మిగతా మేటరు మార్చండి.

ఇంకొకటి. "ఫేస్‌బుక్", "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉండాలి. మార్పిడిలో అది పోతుంది. "ఫేస్బుక్" అని బ వత్తు సకి వేలాడుతుంది. వేల చోట్ల ఉంటే ఫైండ్ రీప్లేస్, తప్పదు.

మార్చిన మేటరుకి మళ్లీ మొత్తం ప్రూఫు చదవాలి. సావనీరు శుక్రవారానికి కావాలంటే ఈ పని ఇప్పుడు పెట్టుకోకండి. తర్వాతి జాబ్‌కి మొదటి రోజునుంచే యూనికోడ్‌లో కొట్టించండి.


యూనికోడ్ వైపు | సోమవారం, 6:18

ఆ చివరి మాటకి ఒప్పుకుంటున్నా. సగంలో మార్చడం రెండింటికీ చెడ్డ రేవడి.


కట్టింగ్ బ్లేడు | సోమవారం, రాత్రి 8:45

ప్లేట్ల సంగతి అందరూ మాట్లాడుతున్నారు, బైండింగ్ ఎవరూ చూడలేదు. మొదటి పోస్టులోనే పెద్ద తప్పుంది.

పర్ఫెక్ట్ బైండింగ్, 16 పేజీల ఫారాలు అన్నారు. అంటే ఫారాలు 1, 17, 33, 49, 65, 81 పేజీలతో మొదలవుతాయి. ఆర్ట్ పేపరు 41–56 అంటున్నారు. 41 ఏ ఫారానికీ మొదలు కాదు! పిన్నింగ్ (వెన్ను మడతలో పిన్ను కొట్టే) జాబ్‌లో ఫారాలు ఒకదానిలో ఒకటి దూరుతాయి కాబట్టి నడిమి 16 పేజీలు 41–56 అవుతాయి. ఆ లెక్క ఇక్కడికి తెచ్చారు.

దారులు రెండు. ఆర్ట్ ఫారాన్ని 33–48కో 49–64కో జరిపి పేజీ నంబర్లు మార్చడం ఒకటి. నంబర్లు కదలకూడదంటే 33–40, 57–64 రెండూ ఎనిమిదేసి పేజీల అర ఫారాలు చేయండి. రెండింటినీ ఒకే షీటు మీద పక్కపక్కన పెట్టి అచ్చేసి సగానికి కోసి మడిస్తే ప్లేట్లు పెరగవు. వరస ఇలా ఉంటుంది: 1–16, 17–32, అర ఫారం 33–40, ఆర్ట్ 41–56, అర ఫారం 57–64, 65–80, 81–96.

తర్వాత షీటు లెక్క. పేజీ 8.5×11 అంగుళాలు, అంటే 216×279 మి.మీ. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్‌తో (కోతలో పోయే అదనపు అంచు) నిలువున రెండు పేజీలు 570. షీటు 23 అంగుళాలు, 584 మి.మీ. మిగిలేది 14. గ్రిప్పర్‌కే (మిషన్ షీటును పట్టుకునే అంచు) 10–12 పోతుంది, సిరా సరిచూసుకునే కలర్ బార్‌కి చోటేదీ? ఫినిష్ సైజు 210×275కి తగ్గిస్తే 562 అవుతుంది, 22 మిగులుతుంది. డిజైన్ మొదలుకాకముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఇప్పుడైనా పేజీల్లో మార్జిన్ ఉంటే కుదురుతుంది.

వెన్ను దగ్గర పర్ఫెక్ట్ బైండింగ్ మిషన్ 2–3 మి.మీ. గీకేస్తుంది, పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. లోపలి మార్జిన్ 18–20 ఉంచండి. వెన్ను మందం ఊహించొద్దు. అసలు పేపరు పది షీట్లు కలిపి స్క్రూగేజీతో కొలిచి పదితో భాగించండి. మాప్లిథో 0.1 మి.మీ. వస్తే 40 ఆకులకు 4, ఆర్ట్ 0.08 వస్తే 8 ఆకులకు 0.64. మొత్తం 4.6 దగ్గర. అంత సన్న వెన్ను మీద పేరు వేయించకండి, అర మిల్లీమీటరు జరిగినా ముందు కవరు మీదికి పాకుతుంది.


సావనీరు డెస్క్ | మంగళవారం, ఉదయం 9:30

అర ఫారాల దారే పడుతున్నాం. పేజీ సైజు తగ్గించాం, మార్జిన్ సరిపోయింది. ఇప్పుడు ఫొటోలు. దాతల ఫొటోలు అన్నీ వాట్సాప్‌లో వచ్చాయి.


గ్రిప్పర్ 12 | మంగళవారం, 9:52

వాట్సాప్ మామూలుగా పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదిస్తుంది. అచ్చుకి కావాల్సిన 300 డీపీఐతో (అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు) భాగిస్తే 5.3 అంగుళాలు, అంటే 135 మి.మీ. పాస్‌పోర్ట్ సైజుకి, క్వార్టర్ పేజీకి ఢోకా లేదు. ఫుల్ పేజీ మాత్రం 148 డీపీఐకి పడిపోతుంది. 150 లైన్ల స్క్రీన్ (అంగుళానికి 150 వరసల అచ్చు చుక్కలు) మీద జుట్టు, జరీ అంచు మెత్తబడతాయి. ఫొటోషాప్‌లో రిజల్యూషన్ డబ్బాలో 300 అని కొడితే కొత్త వివరం పుట్టదు. ఫుల్ పేజీ వాళ్లని "డాక్యుమెంట్"గా మళ్లీ పంపమనండి.

నాలుగు రంగుల సిరా మొత్తం ఆర్ట్ పేపరు మీద 300 శాతం దాటొద్దు. అవుట్‌పుట్ ప్రివ్యూలో టోటల్ ఏరియా కవరేజ్ 300 పెడితే దాటిన చోట రంగు గుర్తు పడుతుంది. పట్టు చీరల నీడలు, నల్ల కోట్లు మొదట పట్టుబడతాయి. ఐసీసీ ప్రొఫైల్ "ఐఎస్ఓ కోటెడ్ వీ2 300"తో మారిస్తే దానంతటదే 300లో ఉంటుంది. అదే ఫొటోని మాప్లిథో మీద వేయాల్సి వస్తే ఆ ఫైలే వాడొద్దు, 260 లోపు మళ్లీ మార్చండి.

బ్యాంకు లోగోల్లో పాంటోన్ స్పాట్ రంగులు (విడి ప్లేటు కావాల్సిన ప్రత్యేక సిరాలు) ఉంటాయి. ఇంక్ మేనేజర్‌లో చూడండి, నాలుగు రంగుల జాబ్‌లో ఐదో ప్లేటు కనిపిస్తే "కన్వర్ట్ ఆల్ స్పాట్స్ టు ప్రాసెస్". కవరు మీద స్పాట్ యూవీ (కొన్ని చోట్లే వేసే మెరుపు పూత) ఉంటే మాత్రం ఆ టిక్ కొట్టకండి, యూవీ ప్లేటు కూడా కరిగిపోతుంది. యూవీ రంగుకి ఒకే పేరు, ఓవర్‌ప్రింట్. ఒకచోట "యూవీ", ఇంకోచోట "యూవీ 1" అని ఉంటే రెండు ప్లేట్లు వస్తాయి. ఓవర్‌ప్రింట్ పెట్టకపోతే యూవీ కింద బొమ్మ తెల్లగా కోసుకుపోతుంది.


ఓట్ల సీజన్ | మంగళవారం, 10:20

సావనీరుకి సంబంధం లేదు గానీ, ఇదే డెస్కు మీద కరపత్రాలు కూడా వస్తుంటాయి కాబట్టి. ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా ముద్రాపకుడి, ప్రచురణకర్త పేరు, చిరునామా ముఖం మీదే ఉండాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్. మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కట్టింగ్‌లో పోయే చోట ఆ లైను పెట్టి వదిలేస్తారు. ట్రిమ్ నుంచి 5 మి.మీ. లోపలికి పెట్టండి.


సావనీరు డెస్క్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మిగిలింది సగం బోల్డ్ పేరా. ఆ పేజీ ఇన్‌డిజైన్‌లో చేసింది. ఫొటోకి డ్రాప్ షాడో ఉంది, పేరా కింది సగం ఆ నీడ తగిలే చోట ఉంది.


యూనికోడ్ వైపు | మంగళవారం, 1:34

అదే కారణం. నీడ పేరా మీద లేయర్‌లో ఉంది. ఫ్లాటెన్ చేసేటప్పుడు నీడ తగిలిన అక్షరాలు ఫాంటుగా ఉండవు. కొన్ని అవుట్‌లైన్ అవుతాయి, కొన్ని బొమ్మలోకి కలిసిపోతాయి. అందుకే లావుగా కనిపిస్తాయి. మేటరుకి వేరే లేయర్ చేసి అన్నిటికన్నా పైకి తీసుకెళ్లండి, ఆ లేయర్‌లో ఏ ఎఫెక్టూ ఉండకూడదు. ఎక్స్‌పోర్ట్‌లో ఫ్లాటెనర్ "హై రిజల్యూషన్". అంతే.

ఫ్లాటెన్ చేశాక స్క్రీన్ మీద వెంట్రుకంత తెల్ల గీతలు కనిపిస్తే కంగారు పడకండి. జూమ్ చేసినా అదే మందంలో ఉంటే అవి స్క్రీన్ గీతలే, ప్లేటులోకి రావు.


రిప్ రూం | మంగళవారం, 2:05

ప్లేటు తీసే ముందు సీటీపీ సెంటర్ నుంచి రిప్ అయిన 1-బిట్ ఫైళ్ల (అచ్చు చుక్కలు మాత్రమే ఉండే, ప్లేటుకి వెళ్లే ఫైళ్లు) ప్రివ్యూ అడగండి. మీ పీడీఎఫ్ ఓకే అనిపించుకోవడం వేరు, ప్లేటుకి వెళ్లేదాన్ని చూడటం వేరు. పార్టీ (జాబ్ ఇచ్చినవాళ్ల) సంతకం కూడా దానిమీదే తీసుకోండి. బ్లాక్ ప్లేటు ఒక్కటే తెరిచి వత్తులు చదవండి. తర్వాత సయాన్, మెజెంటా, ఎల్లో తెరిచి మేటరు ఎక్కడైనా కనిపిస్తోందా చూడండి. వాటిలో చదవగలిగే పేరా దొరికిందంటే వెనక్కి పంపాలి.


సావనీరు డెస్క్ | మంగళవారం, సాయంత్రం 6:40

ప్రివ్యూ వచ్చింది. వత్తులు ఉన్నాయి, ఫోన్ నంబరు ఉంది, సయాన్ మెజెంటాల్లో మేటరు లేదు, పేరా ఒకే మందంలో ఉంది. కానీ 44వ పేజీలో విరాళాల పట్టికలో రూపాయి గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు.


పేజీమేకర్ 7 ఇంకా | మంగళవారం, 6:52

ఆ గుర్తు 2010లో వచ్చింది, మీ అను అంతకన్నా పాతదై ఉంటుంది. ఫాంటులో లేని గుర్తు ఎక్కడినుంచి వస్తుంది! డబ్బా ఉన్నచోటల్లా "రూ." అని కొట్టించండి. మళ్లీ ఆ డీటీపీ సెంటర్‌నుంచే తీయించండి, ఎంబెడ్ జాబితా మళ్లీ చూడండి.